వరండాలో టీవీ: కొనేముందు ఒక నెల లోపలి టీవీనే బయటికి తోసి చూడండి

ప్రశ్న: మా ఇంటి వెనక వరండాకి పైకప్పు ఉంది, మూడు వైపులా ఖాళీ. సాయంత్రం పడమటి ఎండ లోపలిదాకా వస్తుంది. వానకీ దుమ్ముకీ తట్టుకునే అవుట్‌డోర్ టీవీ అక్కడ పెట్టిద్దామని మావారు పట్టుబడుతున్నారు. అదే సైజు మామూలు టీవీకి దాదాపు నాలుగు రెట్లు ధర. మాకు నెలనెలా మిగిలే డబ్బుతో లెక్కేస్తే అయిదు నెలల పొదుపు. ఆయనకి వచ్చిన బోనస్‌తో సరిపోతుంది. కానీ క్రెడిట్ కార్డు మీద ఆ టీవీ ధరలో సగం దాకా బాకీ ఉంది, నెలకి 2 శాతం వడ్డీ. వారానికి నాలుగు సాయంత్రాలు, ఏడు దాటాక తీరిగ్గా అక్కడే కూర్చుంటాం అంటారాయన. నేను వద్దంటే పిసినారినట. కొనొచ్చంటారా?

జవాబు: సరదాకి ఖర్చు పెట్టొద్దనే సలహాదారు దగ్గరికి నేనైతే రెండోసారి వెళ్లను. కాబట్టి మీవారు నన్ను కూడా పిసినారి ఖాతాలో వేసే ముందు ఇది కాస్త చదవమనండి.

ఆ నాలుగు రెట్ల ధర దేనికి కడుతున్నామో ముందు చూద్దాం. అవుట్‌డోర్ టీవీలో ప్రధానంగా రెండు విషయాలకి డబ్బు పోతుంది. ఒకటి వెలుతురు. రాత్రిపూట హాల్లో లైటు వేసుకుంటే ఉండే వెలుగు రెండు మూడు వందల లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత). నడినెత్తి ఎండలో అది లక్ష దాకా వెళ్తుంది. ఆ ఎండలో మామూలు టీవీ ముందు కూర్చుంటే సినిమా బదులు మీ మొహమే కనిపిస్తుంది. ఇంట్లో వాడే సాధారణ టీవీల వెలుగు 250 నుంచి 500 నిట్స్ (తెర ఇచ్చే వెలుగుకి కొలత) మధ్య ఉంటుంది. నేరుగా ఎండ తగిలే చోట పెట్టే వాటికి 2000, ఆపైన కావాలి. అంత వెలుగు ఇచ్చే ప్యానెల్, దాని వేడిని బయటికి పంపే ఏర్పాటు, రెండూ ఖరీదే.

రెండోది తడి, దుమ్ము లోపలికి పోకుండా కట్టుదిట్టం చేయడం. దుమ్ము, నీళ్లని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు ఐపీ. డబ్బా మీద ఐపీ 55 అని ఉంటే, మొదటి 5 దుమ్ముకి సంబంధించింది: కొద్దిగా దూరినా యంత్రం పనికి అడ్డం రాదని. రెండో 5 నీళ్లకి: గొట్టంతో చిమ్మినా ఫరవాలేదని. నీళ్లలో ముంచొచ్చని కాదు. అమ్మేవాళ్లు 'పూర్తి వాటర్‌ప్రూఫ్' అంటే ఆ రెండు అంకెలు చూపించమనండి.

ఇప్పుడు మీ ఉత్తరంలోకే వద్దాం. మీరు చూసేది ఏడు దాటాక. అంటే చాలా రోజులు చీకటి పడ్డాకే. చీకట్లో 2000 నిట్స్ ఎవరికి కావాలి? కళ్లు మండి మీరే తగ్గించుకుంటారు. కాబట్టి మొదటి దానికి కట్టిన డబ్బు మీకు దాదాపు దండగ. రెండోది, అంటే తడి నుంచి రక్షణ, టీవీ రాత్రింబవళ్లు బయటే ఉంటేనే అవసరం. చక్రాల స్టాండు మీద మామూలు టీవీ పెట్టి, కావాల్సినప్పుడు బయటికి తోసి, పడుకునే ముందు లోపలికి తెచ్చుకుంటే అదీ అక్కర్లేదు. గడప దగ్గర ఒక చిన్న వాలుపలక వేయించుకోవాలి, అంతే.

"మామూలు టీవీనే బయట గోడకి బిగించి పైన కవరు వేస్తే?" అని అడుగుతారని తెలుసు. ఆ తెలివి నేనూ చూపించాను. పాత టీవీ ఒకటి బాల్కనీలో, వాన జల్లు కొట్టని మూల బిగించాను. ఒక వానాకాలం గడిచాక తెర అంచుల్లో లోపలి వైపు ఆవిరి మచ్చలు. కేబుల్ పీకి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. వెనక గాలి రంధ్రాల్లో చీమల గూడు. ఒక్క చుక్క నీరు నేరుగా పడలేదు, గాలిలో తేమే ఆ పని చేసింది. వారంటీ కాగితం అప్పుడు తీసి చదివితే, ఇంటి లోపల వాడకానికి మాత్రమే అని నల్లటి అక్షరాల్లో ఉంది. మీకైతే పడమటి ఎండ కూడా ఉంది. ఎల్‌సీడీ తెర మీద ఎండ నేరుగా పడి బాగా వేడెక్కితే అందులోని ద్రవ స్ఫటికాలు వరస తప్పి నల్ల మచ్చలు వస్తాయి. చల్లారితే పోతాయి. కానీ రోజూ అదే జరిగితే తెర ఎక్కువ కాలం నిలవదు.

ఇక డబ్బు లెక్క. టీవీ ధర అయిదు నెలల పొదుపు అన్నారు. గోడ స్టాండు, బయటి వైరింగ్, వాన తగలని సాకెట్, వైఫై అందకపోతే దానికో పరికరం, ఇవన్నీ కలిపి ఇంకో నెల వేసుకోండి. సౌండ్‌బార్ కూడా అందులోకే వస్తుంది. ఎందుకంటే గోడలు లేని చోట టీవీ సొంత స్పీకర్లు పీలగా వినిపిస్తాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఈ చిల్లరమల్లర దగ్గరే అందరూ ఆగుతారు, అక్కడే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొత్తం ఆరు నెలలు, అంటే 180 రోజుల పొదుపు.

వారానికి నాలుగు సాయంత్రాలు అంటే ఏడాదికి 208. ఆ అంకె మీద నాకు నమ్మకం లేదు. వాన రోజులు తీసేయండి. వణికించే చలి, ఉక్కపోత, దోమలు, పిల్లల పరీక్షలు, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి సోఫాలో కూలబడే రోజులు, అన్నీ తీసేయండి. 60 మిగిలితే అదృష్టం. ఆరేళ్లు పనిచేస్తుందనుకుంటే 360 సాయంత్రాలు. 180 రోజుల పొదుపుని వాటికి పంచితే, టీవీ వేసిన ప్రతి సాయంత్రానికీ మీ ఇంటి అరరోజు పొదుపు ఖర్చు. మీవారు చెప్పిన 208 నిజమైతే అదే ఖర్చు ఒక రోజు పొదుపులో ఏడో వంతుకి దిగుతుంది, అప్పుడు నేనూ పెద్దగా అడ్డు చెప్పను. అంటే ఈ గొడవంతా ఒక్క అంకె మీద ఉంది, ఆ అంకె ఊహించాల్సిన పనిలేదు, లెక్కపెట్టొచ్చు.

కరెంటు సంగతి అడగలేదు కానీ చాలామంది అక్కడే బెదురుతారు. మామూలు టీవీ కంటే 200 వాట్లు ఎక్కువ తిన్నా, మూడేసి గంటలు, 60 సాయంత్రాలకి ఏడాదికి 36 యూనిట్లు. దాని కోసం పోట్లాడుకోకండి.

పోట్లాడాల్సింది కార్డు బాకీ గురించి. నెలకి 2 శాతం అంటే వినడానికి చిన్నదే. తీర్చకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 26.8 శాతం అవుతుంది. బాకీ టీవీ ధరలో సగం కాబట్టి, దాన్ని ఏడాది అలాగే వదిలేస్తే వడ్డీ రూపంలోనే టీవీ ధరలో ఎనిమిదో వంతు పైన పోతుంది. బోనస్‌తో టీవీ కొంటే, అప్పు చేసి కొన్నట్టే. ఏ పెట్టుబడీ ఏడాదికి 26 శాతం ఖాయంగా ఇస్తానని రాసివ్వదు. బాకీ తీర్చడం మాత్రం ఇస్తుంది. కాబట్టి బోనస్ చేతికి రాగానే కార్డు సున్నా చేయండి. దీనిలో మీవారితో రాజీ వద్దు.

తర్వాత సగం బోనస్ మిగులుతుంది. అందులోంచి గట్టి చక్రాల స్టాండు ఒకటి కొని, హాల్లో ఉన్న టీవీనే దానికి బిగించండి. ఒక నెల పాటు ఎండ పోయాక బయటికి తోయండి. వంటింటి క్యాలెండర్లో, బయట గంటకి మించి చూసిన రోజు దగ్గర మీవారి చేతే టిక్కు పెట్టించండి. కొత్తొక వింత కాబట్టి మొదటి వారం లెక్కలోంచి తీసేయండి. మిగిలిన మూడు వారాల్లో పది టిక్కులు దాటితే ఆయన గెలిచినట్టే. అప్పుడు ఏడాదిలో పోగేసి, వాయిదాలు లేకుండా కొనుక్కోండి. అయినా 'పూర్తి ఎండ' మోడల్ జోలికి పోకండి. నీడలో పెట్టే రకం సరిపోతుంది, అది చవక కూడా. తెర మీద పడమటి ఎండ పడని గోడ చూసి బిగించండి. మూడు నాలుగు టిక్కుల దగ్గరే ఆగితే, ఆ స్టాండు హాల్లోనే ఉంటుంది, నష్టం ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం ఈ వారమే చేయించండి. వరండాలో మూత ఉన్న, వాన తగలని సాకెట్, దానికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి తడి నేల మీద పెట్టే పని పిల్లలున్న ఇంట్లో ఒక్క సాయంత్రం కూడా వద్దు. చక్రాల స్టాండుకైనా, రేపు కొనబోయే పెద్ద టీవీకైనా ఆ పాయింటు కావాల్సిందే.