ఫ్లష్ ట్యాంకు లీకేజీకి ఎఫ్‌డీని రద్దు చేసుకోవాలా?

విశాఖపట్నం మధురవాడలో సొంత ఫ్లాటులో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇలా రాశారు: "మా టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు కింద నీరు కారుతోంది. గోడ పగలగొట్టి పైపులన్నీ మార్చాలని, 22 వేలు అవుతుందని ప్లంబరు అంటున్నారు. ఏడాదికి వేసిన రెండు లక్షల ఎఫ్‌డీకి ఇంకా నాలుగు నెలల గడువుంది. దాన్ని రద్దు చేసుకోవాలా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవాలా?"

అమ్మా, ప్రస్తుతానికి ఈ రెండూ వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. ట్యాంకు కిందనే తడి కనబడుతోందంటే, గోడలోని యాంగిల్ కాక్ (నీటిని కట్టేసే చిన్న కుళాయి) నుంచి ట్యాంకుకు వెళ్లే కనెక్షన్ పైపునే నేను మొదట అనుమానిస్తాను. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో ఆ పైపు మీది స్టీలు అల్లిక తుప్పుపట్టి పోగులు తెగడం, నట్టు లోపలి రబ్బరు వాషరు గట్టిపడి చిట్లడం మామూలే.

పైపును, నట్లను పొడిబట్టతో పూర్తిగా తుడిచి, పై నట్టుకు, కింది నట్టుకు, యాంగిల్ కాక్ గోడలోకి దిగే చోటుకు విడివిడిగా టిష్యూ కాగితం చుట్టి అరగంట ఆగండి. నీరు కిందికి జారుతుంది కాబట్టి తడిసిన కాగితాల్లో అన్నిటికంటే పైనున్నదే అసలు చోటు. పై నట్టు దగ్గరైనా, కింది నట్టు దగ్గరైనా కొత్త పైపు, వాషరు చాలు. సుమారు రెండు మూడు వందలతో, ప్లంబరు కూలి కలిపినా వెయ్యిలోపే పని పూర్తవుతుంది. గోడ దగ్గరైతే యాంగిల్ కాక్‌ను విప్పి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాల్సి ఉంటుంది. ట్యాంకు వైపు ప్లాస్టిక్ నట్టును మాత్రం రెంచితో బలంగా బిగించనివ్వకండి, అది చీలితే ఖర్చు పెరుగుతుంది. మూడు కాగితాలూ పొడిగా ఉండి గోడ మాత్రం చెమ్మగిల్లుతుంటేనే ఆ 22 వేల మాట వినండి, అప్పుడూ మరో ప్లంబరుకు చూపించాకే.

ఇక డబ్బు విషయం. ఎఫ్‌డీని ముందుగా రద్దు చేస్తే చాలా బ్యాంకులు ఉంచిన కాలానికి వర్తించే వడ్డీలోంచి మరో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గిస్తాయి. ఒక శాతమే అనుకున్నా, రెండు లక్షల మీద ఎనిమిది నెలలకు 1,333 రూపాయలు పోతాయి, అంటే కొత్త పైపు ఖరీదుకు ఎన్నో రెట్లు. నిజంగానే 22 వేలు అవసరమైతే ఆ ఎఫ్‌డీ మీదే అప్పు అడగండి. 9 శాతం వడ్డీ పడినా నాలుగు నెలలకు 660 రూపాయలే, మీ డిపాజిట్ వడ్డీ ఆగదు. కార్డు ఈఎంఐలో వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి.

అలాగని వాయిదా వేయకండి. గంటకు పావు లీటరు కారినా నెలకు 180 లీటర్లు, ఆ నీటి ఖరీదు కొద్దిపాటిదే గాని, అది స్లాబులోకి ఇంకి కింది ఫ్లాటు సీలింగు పెచ్చులూడితే మరమ్మతు మీ మీదే పడవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష బీమాలో పైపులు పగిలి జరిగే నష్టానికి రక్షణ ఉంది గాని, అరుగుదల వల్ల జరిగే నష్టానికి వర్తించదు. పని అయ్యేదాకా యాంగిల్ కాక్ కట్టేసి, టాయిలెట్‌లో బకెట్టుతో నీళ్లు పోయండి. కట్టేసినా కారుతుంటే బాత్రూమ్ లైను వాల్వు కూడా మూయించి, కింది ఇంటివారి సీలింగును ఒకసారి చూసి రండి.