పదకొండు పుస్తకాలు చదివాను, పైసా మిగల్లేదు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 33. పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి 36,000 వస్తుంది. రెండేళ్ళుగా డబ్బు మీద, అలవాట్ల మీద, ఎదుటివాళ్ళను ఒప్పించడం మీద తెలుగులో దొరికిన పుస్తకాలు పదకొండు చదివాను. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. మా ఊరి రిటైర్డు మాస్టారు చెబితే ఏడాదికి 48,000 కట్టే బీమా పాలసీ తీసుకున్నాను. పత్రం అంది 18 రోజులైంది. ఆయనే భోగాపురం వైపు 150 గజాల ప్లాటు చూపిస్తే పది వేలు టోకెన్ ఇచ్చాను. మొత్తం 13.5 లక్షలు. 8 లక్షలు అప్పు చేసి, మిగతాది మా ఆవిడ బంగారం మీద, నాన్న దగ్గర సర్దుదామని ఆలోచన. పాపకు ఆరేళ్ళు. మా ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తుంది, డ్వాక్రాలో నెలకు 200 కడుతుంది. నేను ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: గడువున్న సంగతి ముందు. పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజుల్లోపు, నచ్చలేదంటే వెనక్కి ఇచ్చేయవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. ఆ కొన్ని రోజుల బీమా ఖర్చు, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంపు రుసుము పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. మీ ఉత్తరం చేరిన రోజే ఈ ముక్క మీకు విడిగా రాసి పంపాను. ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడా చెబుతున్నాను. మాస్టారి చేతికి కాగితం ఇచ్చి ఊరుకోకండి. కంపెనీ శాఖకు మీరే వెళ్ళి దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. ఏటా 48,000 చొప్పున 15 ఏళ్ళు కడితే 7.2 లక్షలు. మీరు పంపిన కాగితం ప్రకారం చివర్లో చేతికొచ్చేది సుమారు 10.5 లక్షలు. అదే డబ్బు ఏటా మొదట్లో ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీయే కొనసాగితే, 13 లక్షలు అవుతుంది. ఇంతా చేసి ఆ పాలసీ మీ ప్రాణానికి ఇచ్చే రక్షణ 5 లక్షలు. రేపు మీకేమైనా అయితే పాపతో మీ ఆవిడ ఆ 5 లక్షలతో ఎన్నేళ్ళు నెట్టుకురాగలదు? మీ వయసులో ఆరోగ్యంగా ఉండి, పొగతాగే అలవాటు లేకపోతే 50 లక్షల టర్మ్ పాలసీ (ప్రాణానికి రక్షణ మాత్రమే, చివర్లో తిరిగొచ్చేది ఉండదు) సాధారణంగా ఏడాదికి పది వేల లోపే వస్తుంది. ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టండి. వీలైతే అది చేతికొచ్చాక, ఆలస్యమైనా సరే ఆ 30 రోజులు దాటకుండా, పాతది రద్దు చేయండి.

ఇక ప్లాటు. దాన్ని చూడటానికి వెళ్ళిన ఆదివారం గురించి మీరు రాసిన పేజీ రెండుసార్లు చదివాను. పొద్దున్నే ఇంటి ముందుకు కారు వచ్చింది. హైవే మీద టిఫిను, మధ్యాహ్నం బిరియానీ. మీ ఆవిడకు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చారు. టెంటు కింద లేఅవుట్ మ్యాపు, దాని మీద ఎర్ర స్టిక్కర్లు. ‘ఈ వరసలో మూడే మిగిలాయి బాబూ, సాయంత్రానికి ఉంటాయో లేదో’ అన్నారు మాస్టారు. ‘ఒక్క పది వేలు ఇచ్చి మీ పేరు రాయించుకోండి, నచ్చకపోతే చూద్దాం’ అన్నారు.

మీరు చదివిన వాటిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డీనీ పుస్తకం ఉందని రాశారు. 1984లో వచ్చింది. ఆయన దాదాపు మూడేళ్ళు అమ్మకందారుల శిక్షణల్లో, చందాలు వసూలు చేసేవాళ్ళ మధ్య చేరి, మనుషుల చేత అవునని ఎలా అనిపిస్తారో దగ్గరుండి చూసి రాశాడు. ఆయన చెప్పిన ఆరు ఎత్తులూ మీ ఆదివారంలో ఉన్నాయి. కారు, బిరియానీ, జాకెట్టు ముక్క: తిన్నాం కదా, ఊరికే ఎలా వెళ్ళిపోతాం అన్న మొహమాటం. ఎర్ర స్టిక్కర్లు: అందరూ కొనేస్తున్నారు. మూడే మిగిలాయి: ఇప్పుడు కాకపోతే దొరకదు. మాస్టారు: చిన్నప్పుడు చదువు చెప్పినవారి మీద గౌరవం, ఊరివారన్న ఇష్టం. చివరిది, అన్నిటికంటే గట్టిది, టోకెన్. పది వేలు ఇచ్చాక మనం కొనేవాళ్ళమైపోతాం. ఆ రోజు నుంచి ప్లాటు మంచిదే అనడానికి కారణాలు మనమే వెతుక్కుంటాం. మీ ఉత్తరంలో అలాంటి కారణాలు నాలుగు ఉన్నాయి.

ఆ పుస్తకాన్ని మీరు నలుగురినీ ఒప్పించడం నేర్చుకోవడానికి చదివానన్నారు. దాన్ని కొనేవాడి వైపు నుంచి మళ్ళీ చదవండి. ఒక్కొక్క ఎత్తు గురించి చెప్పాక దాని నుంచి ఎలా తప్పించుకోవాలో కూడా ఆయన రాశాడు.

11 శాతం వడ్డీకి 8 లక్షలు తెచ్చి అయిదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 17,400 కట్టాలి. మీ జీతంలో దాదాపు సగం. బంగారం మీద వడ్డీ దీనికి అదనం. డబ్బు తెచ్చిపెట్టేదే ఆస్తి అని చదివానని రాశారు. ఖాళీ స్థలం నెలనెలా ఏమీ తేదు. భోగాపురం విమానాశ్రయం వల్ల ధర పెరగవచ్చు, కాదనను. కానీ మీరు చూసింది ఊళ్ళో ఉన్న రేటు కాదు, టెంటు కింద చెప్పిన రేటు. ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడగండి. దాన్ని విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏలో, స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరాలో సరిచూసుకోండి. ఆ భూమి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమా అన్నది రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనుక్కోండి. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, మీ జీతానికి ఈ ప్లాటు ఇప్పుడు వద్దు. టోకెన్ తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పోయేది పది వేలు. దాన్ని కాపాడుకోవడానికి 13.5 లక్షలు దింపకండి.

మాస్టారికి ఎలా చెప్పాలన్నదే మీ బెంగ అని తెలుస్తోంది. ఇలా అనండి: ‘మాస్టారూ, మా ఇంట్లో యాభై వేలు దాటిన ఏ పనికైనా ఇద్దరం వారం రోజులు ఆగి, ఆ తర్వాతే డబ్బు కడదామని అనుకున్నాం. మీరని కాదు, మా నాన్న అడిగినా అంతే.’ ఇది నిజమయ్యేలా ఆ నియమం ముందే మీ ఇద్దరూ పెట్టుకోండి. అప్పుడు కాదన్నది మీరు కాదు, నియమం. పెద్దాయన ముందు తల దించుకోనక్కర్లేదు.

మీ అసలు ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ ఇంట్లో ఒకరు నెల తప్పకుండా పొదుపు చేస్తున్నారు. మీ ఆవిడ. ఆ 200 ఎందుకు ఆగదు? తేదీ ఖాయం, మొత్తం ఖాయం, సంఘంలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు చూస్తుంటారు. మిగిలితే కడదాం అన్న మాటే అక్కడ లేదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ముందు తీస్తేనే ఉంటుంది. బాబిలోను కథల రూపంలో 1926లో వచ్చిన డబ్బు పుస్తకం చెప్పిందీ అదే, సంపాదనలో పదో వంతు ముందు మీకోసం తీసుకోమని.

మీ జీతం ఒకటో తేదీన పడుతుందన్నారు. పాలసీకని నెలకు పక్కన పెట్టాలనుకున్న 4,000ను రెండో తేదీన తనంతట తానే కట్ అయ్యేలా పెట్టండి. అందులో 2,500 పాప పేర ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధికి. పదేళ్ళ లోపు ఆడపిల్లలకే ఈ ఖాతా తెరుస్తారు, కాబట్టి ఇంకా అవకాశం ఉంది. 15 ఏళ్ళు కట్టాలి, తెరిచిన 21 ఏళ్ళకు ముగుస్తుంది. నేనిది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం. మిగతా 1,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా దాన్ని కదిలించకండి. టర్మ్ ప్రీమియం దీనికి వేరుగా, నెలకు ఎనిమిది వందల దాకా అనుకోండి.

ఏప్రిల్‌లో జీతం పెరుగుతుందని రాశారు. పెరిగినదాంట్లో సగం పొదుపుకే అని ఇప్పుడే రాసిపెట్టుకోండి. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీతో కలిసి అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగుల చేత ఇదే చేయించాడు. జీతం పెరిగినప్పుడల్లా పొదుపు పెంచుతామని ముందుగా ఒప్పుకున్నవాళ్ళ పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. చేతికి రాని డబ్బు పోయినట్టు ఎవరికీ అనిపించదు, కారణం అంతే.

పన్నెండో పుస్తకం కొనడం ఏప్రిల్ దాకా ఆపండి. సోమవారం పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్ పట్టుకుని నరసన్నపేట పోస్టాఫీసుకు వెళ్ళండి. మీ ఆవిడను కూడా తీసుకెళ్ళండి. కట్టే తేదీ ఆవిడ చేతే చెప్పించండి. మొదటి వాయిదా పడ్డాక నాకు ఒక కార్డు ముక్క రాయండి.