జాబితాలు మానేశాక నేను సూచిస్తున్న నాలుగు ఆల్బమ్‌లు

ఈ మధ్య ఇష్టపడి వింటున్న ఆల్బమ్‌లు ఏవి, వాటిని ఇతరులకు ఎందుకు సూచిస్తారు అని మీరు అడిగారు. ఇలాంటి ప్రశ్నకు నేను చాలాకాలం జాబితాలతోనే జవాబు చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక మిత్రుడు అడిగిన పాపానికి 32 ఆల్బమ్‌ల పేర్లు రాసి పంపాను. మూడు నెలల తరువాత కలిసినప్పుడు వాటిలో ఏవి విన్నావని అడిగితే, ‘అన్నీ బాగున్నాయి’ అన్నాడు. ఒక్కటీ వినలేదని ఆ మాటతోనే తెలిసిపోయింది. అప్పటినుంచి ఒకటి రెండు పేర్లే చెప్పడం, చెప్పినదానిలో ఎక్కడ చెవి ఒగ్గాలో కూడా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఇక్కడ నాలుగు చెబుతున్నాను కనుక నా నియమాన్ని నేనే కొంత మీరుతున్నాను, అయితే ఎక్కువ మాటలు మొదటి రెండింటి గురించే ఉంటాయి.

నెల రోజులుగా దాదాపు రోజూ వింటున్నది కెనడా వాద్యకారుడు గ్లెన్ గూల్డ్ పియానో మీద వాయించిన, జర్మన్ స్వరకర్త బాఖ్ రచన ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’. 1741లో అచ్చయిన ఈ రచనలో ముందు ఒక ఆరియా (పాటలాంటి చిన్న రచన), దాన్ని మార్చి మార్చి అల్లిన 30 వేరియేషన్లు, చివర మళ్ళీ అదే ఆరియా ఉంటాయి. కృతిలో సంగతులు విని అలవాటైన చెవికి ఇది మొదట్లో అంతుపట్టదు. సంగతుల్లో మనకు పైకి వినిపించే వరుసే అంచెలంచెలుగా విస్తరిస్తుంది. ఇక్కడ ఆ పైవరుస మొదటి వేరియేషన్‌లోనే మాయమై, కింద మంద్రస్వరాల నడక, దానిమీద నిలబడే స్వరసంపుటాల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) క్రమం మాత్రమే మిగులుతాయి. అసలు పాట ఎటు పోయిందా అని నేను చాలా రోజులు పైనే వెతుక్కున్నాను. కుడిచేతిని వదిలేసి ఎడమచేతి వెంట వెళ్ళడం మొదలుపెట్టాకే దారి దొరికింది.

గూల్డ్ దీన్ని స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేశాడు. మొదటిది 1955లో, అతనికి 22 ఏళ్ళున్నప్పుడు; రెండవది 1981లో, 48 ఏళ్ళ వయసులో. రెండూ న్యూయార్క్‌లోని ఒకే స్టూడియోలో జరిగాయి. మొదటిది దాదాపు 38 నిమిషాల్లో ముగుస్తుంది, రెండవది 51 నిమిషాలు పడుతుంది. ఈ తేడా అంతా వేగంలోనిదే అనుకోకండి: ఒక్కో భాగాన్ని మళ్ళీ వాయించమని రచనలో ఉన్న పునరావృత్తుల్లో, మొదటిసారి వదిలేసిన కొన్నింటిని రెండోసారి వాయించాడు, నిడివిలో కొంత భాగం దానిదే. అయితే రెండుసార్లూ పునరావృత్తి లేకుండా వాయించిన తొలి ఆరియాలో వయసు తేడా నేరుగా వినిపిస్తుంది. 1955లో అది రెండు నిమిషాలలోపే అయిపోతుంది, 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. మొదటిదానిలో తరువాత రాబోయేదాని తొందర ఉంది. రెండవదానిలో ఒక్కో స్వరం తనకు ముందున్న స్వరం పూర్తిగా వినిపించాక గాని కదలదు. కింద అతని సన్నని కూనిరాగం కూడా వినిపిస్తుంది. ఆ కూనిరాగం కొందరికి చిరాకు తెప్పిస్తుందని తెలుసు, మొదట్లో నాకూ తెప్పించింది.

కుర్రతనంలో వేగం, పెద్దతనంలో నిదానం అని ఇక్కడితో తీర్మానించుకుంటే మాత్రం పొరపాటే. మొత్తం రచనలో అన్నిటికన్నా విషాదంగా ఉండే 25వ వేరియేషన్ పెట్టి చూడండి. 1955లో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు దాన్ని ఆరు నిమిషాలకు పైగా సాగదీశాడు. పెద్దవాడు దాన్ని అంతకన్నా కాస్త ముందుగానే ముగించాడు. ఈ సంగతి నేను గడియారం చూసి కనుక్కోలేదు. రెండింటినీ ఒకే రాత్రి వరుసగా వింటున్నప్పుడు, దుఃఖాన్ని తక్కువగా చూపించినదే ఎక్కువ బరువుగా ఎందుకు ఉందని అనుమానం వచ్చి, అప్పుడు నిడివి చూశాను. రెండో రికార్డు విడుదలైన 1982లోనే, అక్టోబరు నెలలో, గూల్డ్ చనిపోయాడు. అది తెలిసి వినడం వల్ల చివరి ఆరియా మనకు మరింత నిదానంగా తోస్తుందేమో అనుకునేవాణ్ణి. నిజానికి అది తొలి ఆరియా కన్నా మరింత నిదానంగా వాయించినదే.

రెండవది అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో పాటలు అయిదే. మార్చి 2న మూడు, ఏప్రిల్ 22న రెండు రికార్డు చేశారు; మొదటి మూడూ రికార్డుకు ఒకవైపు, తక్కిన రెండూ మరోవైపు వచ్చాయి. జాజ్ అంటే క్షణానికోసారి స్వరసంపుటాలు మారిపోతుంటే వాద్యకారుడు వాటి వెంట పరుగులు తీయడం అనుకునేవారికి దీన్నే ముందు వినిపించాలని నా అభిప్రాయం. మొదటి పాటలో చాలాసేపు ఒకే స్వరశ్రేణి ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే అవి ఖరహరప్రియ స్వరస్థానాలు. పదహారు బార్లు (మన తాళావర్తనాల్లాంటి కొలతలు) అక్కడ ఉండి, ఎనిమిది బార్ల పాటు అంతా ఒక అర్ధస్వరం, అంటే కీబోర్డు మీద పక్క మెట్టంత, పైకి జరిగి, మళ్ళీ ఎనిమిది బార్లకు కిందికి దిగుతుంది. మైల్స్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ ఒకే చోట నిలబడి అక్కడినుంచి ఎంత దూరం చూశారో పోల్చుకోవడానికి ఈ అమరిక ఎంతో అనువుగా ఉంటుంది. నేనైతే ఆ పైకి జరిగే చోటును వేలితో బల్లమీద కొట్టి గుర్తుపెట్టుకుంటూ వింటాను. అయిదారుసార్లు విన్నాక వేలు దానంతటదే కొడుతుంది.

ఈ ఆల్బమ్‌తో నాకు ఒక పాత తగాదా ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్న క్యాసెట్టులో దీన్ని వింటూ, కీబోర్డు మీద వెంట వాయించాలని ప్రయత్నించేవాణ్ణి. మొదటి వైపు శ్రుతి ఎంతకీ కలిసేది కాదు. ఒక మెట్టు నొక్కితే తక్కువ, పక్కమెట్టు నొక్కితే ఎక్కువ. క్యాసెట్టు సాగిందనుకున్నాను, తరువాత ప్లేయరు మోటారు మీద అనుమానపడి దాన్ని విప్పి, మళ్ళీ బిగించలేక తిట్లు కూడా తిన్నాను. విచిత్రమేమిటంటే క్యాసెట్టు తిప్పి రెండో వైపు వేస్తే అంతా చక్కగా కలిసేది. కారణం ఎన్నో ఏళ్ళ తరువాత చదివాను. మార్చి 2న వాడిన టేపు యంత్రం ఉండవలసిన వేగం కన్నా కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగినదాన్ని సరైన వేగంతో వాయిస్తే పాట త్వరగా నడుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ పెరుగుదల అర్ధస్వరంలో దాదాపు సగం. 1992లో వచ్చిన ముద్రణలో, సరిగ్గా తిరిగిన మరో టేపు ఆధారంగా దీన్ని సరిదిద్దారు. అంటే ముప్పై ఏళ్ళకు పైగా లోకమంతా ఆ మూడు పాటలను తప్పు శ్రుతిలోనే విని ముచ్చటపడింది, నా ప్లేయరు ఏ పాపమూ ఎరుగదు.

మిగిలిన రెండూ క్లుప్తంగా చెబుతాను. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’లో శివకుమార్ శర్మ సంతూర్ (తీగలను చిన్న కర్రలతో కొట్టి వాయించే వాద్యం), హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ వాయించారు. ఒక గొర్రెల కాపరి దినచర్యను తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు రాగాలతో చెప్పిన ఆల్బమ్ ఇది. హిందుస్తానీ కొత్త అనుకునేవారు భయపడనవసరం లేదు: ఆరంభంలో వచ్చే అహిర్ భైరవ్ మన చక్రవాకానికి, సాయంత్రం వచ్చే భూప్ మన మోహనకు సాటి రాగాలు. వాటిలో తెలిసిన ముఖాలు కనిపిస్తాయి. కథను మరీ పట్టుకుని వినకండి, నాకు ఆ కథ అడ్డమే అయింది. సంతూర్ చినుకుల మధ్య గిటార్ స్వరం నుంచి స్వరానికి జారే చోట్లు చాలు.

నాలుగవది భారతీయ స్లైడ్ గిటార్ వాద్యకారుడు విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’, 1993లో విడుదలైంది. ఇద్దరూ మొదటిసారి కలుసుకుని గంట గడవకముందే రికార్డింగు మొదలైంది. ఒకరు అన్నదాన్ని మరొకరు అందుకునే ముందు వచ్చే చిన్న ఆగుడును వినండి. ఒకరినొకరు ఎరిగినవాళ్ళ సంభాషణలో అది ఉండదు.

వినే పద్ధతి గురించి రెండు మాటలు. షఫుల్ తీసేయండి, గోల్డ్‌బర్గ్‌లో ఒక వేరియేషన్‌కూ మరొకదానికీ మధ్య గూల్డ్ వదిలిన ఎడం కూడా వాయిద్యంలో భాగమే. రెండు రికార్డులను పోల్చేటప్పుడు ముందు ధ్వనిని సమానం చేసుకోండి, ఎందుకంటే కాస్త బిగ్గరగా ఉన్నదే చెవికి మెరుగైనదిగా తోస్తుంది. నేను 1981 నాటిదే గొప్పదని చాలాకాలం వాదించడానికి ఇదే కారణం.

జాబితా పంపించుకున్న ఆ మిత్రుడికి ఈ ఏడాది ఒకే ఒక్క వాక్యం పంపాను: ‘కైండ్ ఆఫ్ బ్లూ మొదటి పాటలో నిమిషంన్నర దగ్గర, ట్రంపెట్ ఎత్తుకోగానే డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి సింబల్ మీద పడే దెబ్బ విను, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగు.’ మరునాడు రాత్రి జవాబు వచ్చింది: ‘రెండో పాటలో పియానో వేరే మనిషిదా?’ అవును, ఆల్బమంతటా బిల్ ఎవాన్స్ వాయించగా, ఆ ఒక్క పాటకు మాత్రం వింటన్ కెలీ కూర్చున్నాడు. ఆ సంగతి నేను అతనికి చెప్పలేదు.