ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) చదివిన మా చిన్నీకి

చిన్నీ,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, దాని ఎమ్మే అయిపోయింది, బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వినడం లేదు, నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడితో నేనే మాట్లాడాను. ఈ ఏడాదికి ఆ కోచింగ్ సంగతి పక్కన పెట్టు. అయితే ఉత్తినే కూర్చోకూడదు. ఏం చేయాలో నాకు తోచింది రాస్తున్నాను.

‘ఆంత్రోపాలజిస్ట్ కావలెను’ అనే ప్రకటనల కోసం వెతుకుతున్నావట. ఆ పేరుతో ఉద్యోగాలిచ్చేది ముఖ్యంగా కోల్‌కతాలో కేంద్ర కార్యాలయం ఉన్న ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. అక్కడ ఖాళీలు ఎప్పుడో గానీ పడవు. పడ్డప్పుడు అప్లై చెయ్యి, అంతవరకే. నీ పని వేరే పేర్లతో ఉంటుంది: సోషల్ స్పెషలిస్ట్, పునరావాస నిపుణుడు, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, యూఎక్స్ రీసెర్చర్ (యాప్‌లూ యంత్రాలూ జనం ఎలా వాడుతున్నారో చూసేవాళ్లు). ప్రకటనలో పోస్టు పేరు కాదు, చేయాల్సిన పని చదువు. జనం దగ్గర కొన్నాళ్లు ఉంటే తప్ప తెలియని విషయం ఏదైనా వాళ్లకి కావాలా అని చూడు. కావాలంటే అది నీ ఉద్యోగమే.

నేను పనిచేసిన పునరావాసం సంగతే తీసుకో. 2013 భూసేకరణ చట్టం వచ్చాక సామాజిక ప్రభావ అంచనా, అంటే భూమి తీసుకుంటే జనం బతుకు ఏమవుతుందో ముందే లెక్కగట్టడం, తప్పనిసరైంది. తర్వాత మన రెండు రాష్ట్రాలూ సవరణలు చేసి కొన్ని రకాల ప్రాజెక్టులకి మినహాయింపులు తెచ్చుకున్నాయి గానీ, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల అప్పుతో వచ్చే ప్రాజెక్టుల్లో ఈ పని ఇప్పటికీ ఉంటుంది. ఆ చట్టం ప్రభావిత కుటుంబం అంటే పట్టా ఉన్నవాళ్లని మాత్రమే అనలేదు. అడవి మీదా నీటి మీదా ఆధారపడి మూడేళ్లుగా బతుకుతున్నవాళ్లూ, అటవీ ఫలసాయం ఏరుకునేవాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ అందులోకి వస్తారు. సర్వే ఫారం పట్టుకుని పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయే కుర్రాడు "ఎన్ని ఎకరాలు?" అని అడుగుతాడు. ఆ ఇల్లాలు "లేవు" అంటుంది. ఆ కుటుంబం ఖాతాలో సున్నా పడుతుంది. వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, ఇంకా అడ్డాకులు, తేనె, మధ్యలో పోడు గట్టున కందులు - ఏడాది పొడుగునా ఆవిడ బతుకు అడవిలోనే ఉందని, అక్కడ మకాం వేసినవాళ్లకే తెలుస్తుంది. అది కాగితం మీదకి ఎక్కకపోతే చట్టం ఇచ్చిన హక్కు కూడా ఆవిడకి అందదు. మన చదువు ఎందుకని ఎవరైనా అడిగితే ఇది చెప్పు. 1940లో కొమరం భీం తిరుగుబాటు తర్వాత నిజాం సర్కారు గోండుల పరిస్థితి చూడమంటే, హైమండార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టు ఆదిలాబాద్ వైపు మార్లవాయి అనే గోండు ఊళ్లో మకాం పెట్టి చూసిందంతా రాశాడు. ఆ రాతల తర్వాతే గోండులకి పట్టాలొచ్చాయి, గోండీలో చదువు చెప్పే బడులొచ్చాయి.

నీతో చదివిన ఆ అమ్మాయి ఫిజికల్ ఆంత్రోపాలజీ (మనిషి శరీరం, జన్యువుల చదువు) వైపు వెళ్లిందన్నావుగా, తనకిది చెప్పు. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్ ముందు మత్తుతో పాటు ఇచ్చే ఒక రకం మందు పడదు. కండరాలు సడలించే ఆ మందును విరిచే ఎంజైము వాళ్లలో పుట్టుకతోనే తక్కువ. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ లోపం వాళ్లలో నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో వైశ్యుల ఈ దీర్ఘకాలపు అంతర్వివాహాల సంగతి బయటపడింది. ఎవరు ఎవరిని చేసుకుంటారో తెలిసిన మనిషి ఆ ప్రయోగశాలలో ఉండాలి. కాకపోతే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకి కాపీలు తీసే పద్ధతి) చేతికి రాకుండా అక్కడ నిలబడటం కష్టం. ముందు అది నేర్చుకోమను.

కంపెనీల సంగతి నాకు తక్కువ తెలుసు. 1980ల్లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లూసీ సచ్‌మన్ అనే ఆంత్రోపాలజిస్టు, కొత్త కాపీ యంత్రం ముందు ఆరితేరిన కంప్యూటర్ శాస్త్రవేత్తలు కూడా తికమకపడటం వీడియో తీసి చూపించింది. ఇప్పుడు హైదరాబాద్‌లో యాప్‌లు తయారుచేసే వాళ్లకి కావలసిందీ ఆ చూపే. జీతాలు అక్కడే బాగుంటాయి. వెళ్లాలనిపిస్తే సంకోచించకుండా వెళ్లు.

సివిల్స్ అంటావేమో. ఆప్షనల్‌గా ఆంత్రోపాలజీకి రెండు పేపర్లు, 500 మార్కులు. నిజమే, కానీ ఆ దారి మన డిగ్రీ వాళ్ల సొత్తు కాదు. 2017 పరీక్షలో అదే ఆప్షనల్‌తో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి కుర్రాడు అనుదీప్ దురిశెట్టి ఇంజనీరింగ్ చదివినవాడు. అధికారి కావాలనే ఉంటే రాయి, డిగ్రీ ఉంది కదా అని మాత్రం రాయకు. యూజీసీ వాళ్ల నెట్ పరీక్ష మాత్రం తప్పకుండా రాయి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు చేతికొస్తాయి, పీహెచ్‌డీ చేస్తూ ఇంటి మీద ఆధారపడక్కర్లేదు.

ఇక ఈ మూడు నెలల్లో చేయాల్సినవి. పాడేరు సంతల మీద నువ్వు రాసిన డిసర్టేషన్‌ని ఎవరికీ పంపకు, అంత ఎవరూ చదవరు. దాన్నుంచి నాలుగు పేజీల రిపోర్టు రాయి. పసుపు, మిరియాలు అమ్ముకునే ఆడవాళ్లు ధర ఎలా ఒప్పుకుంటారు, షావుకారు బాకీ ఎప్పుడు తీరుస్తారు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లకి అందులో పనికొచ్చేది ఏమిటి - అంతే. సిద్ధాంతాలు వద్దు. ఆదివాసీ ఒడియా వచ్చీరానట్టుంది నీకు, ఆ ఏజెన్సీలో చాలామందికి అదే ఉమ్మడి మాట, దాన్ని పట్టుకో. ఎక్సెల్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ నేర్చుకో. కాంట్రాక్టు పని ఒప్పుకునే ముందు ప్రయాణ ఖర్చులు ముందే ఇస్తారా, రాత్రి బస ఎక్కడ, తోడుగా ఇంకో ఆడమనిషి ఉంటుందా అని రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడకు. ఎవరి ఇంట్లో కూర్చుని రాసుకున్నావో వాళ్లకి ఆ రిపోర్టు తెలుగులో చదివి వినిపించు. తప్పుంటే దిద్దుతారు, వద్దన్న మాట ఉంటే తీసెయ్యి.

ఆ నాలుగు పేజీలు దసరా లోపు నాకు పంపు. పెన్ను పట్టుకుని కూర్చుంటాను. బాగా కుదిరితే ఎవరెవరికి పంపాలో అప్పుడు చెబుతాను.

మీ పెదనాన్న