‘తాగడు, కొట్టడు... మరి ఎందుకు వచ్చేసింది?’

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. పెళ్లయి నాలుగేళ్లు. అల్లుడిదీ అక్కడే ఉద్యోగం. తాగడు, చెయ్యి చేసుకోడు. అయినా పోయిన దసరాకి పుట్టింటికొచ్చిన పిల్ల మళ్లీ వెళ్లనంది. ఇక్కణ్నుంచే ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది. ‘నా జీతమంతా ఫ్లాట్ ఈఎంఐకే పోతోంది, ఫ్లాటేమో ఆయనా, అత్తయ్యా పేరు మీద ఉంది. చీర కొనాలన్నా అడుక్కోవాలి’ అంటోంది. ఇంత చిన్నదానికి విడాకులా? మావారికి నిద్ర లేదు, బీపీ మాత్ర డోసు పెంచారు. అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ సంగతి తెలిస్తే ఎలా? పెద్దమనుషుల్లో పెట్టి కాగితం రాయించేయమంటున్నారు మా బావగారు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా ఉన్నన్నాళ్లూ ఈ ‘తాగడు, కొట్టడు’ వినని వారం లేదు. అల్లుడిలో ఆ రెండూ చూసుకుంటే చాలనుకునేవాళ్లం. అమ్మాయిల చేతికి జీతం వచ్చాక లెక్క మారింది. నా దగ్గరికొచ్చిన జంటలు ఎక్కువగా దాని గురించే పోట్లాడుకునేవాళ్లు. ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది, వాళ్లమ్మకి ఎంత పంపాడు, మా నాన్నకి పంపితే ఎందుకు నిలదీశాడు... ఒకావిడ బోనస్ డబ్బుతో ఫ్రిజ్ కొంటే ‘ఎవర్నడిగి కొన్నావ్’ అని షోరూమ్‌కి తిప్పి పంపించారు. భర్తకి ఆ సంగతే గుర్తు లేదు. ఆవిడ మాత్రం మోడల్ నంబరుతో సహా చెప్పింది.

కాబట్టి చీర మాట పక్కన పెట్టండి. మీరు చిన్నదంటున్నది నాలుగేళ్ల జీతం.

అల్లుడు చెడ్డవాడని నేననను. తల్లి మాట కాదనలేని కొడుకై ఉండొచ్చు. ఫ్లాట్‌లో మీ అమ్మాయి పేరు చేరి, జీతం తన ఖాతాలోనే ఉంటే మళ్లీ కలుస్తారేమో. ఆ మాటలు వాళ్లిద్దరే కూర్చుని మాట్లాడుకోవాలి. మీరూ వద్దు, మీ వియ్యపురాలూ వద్దు.

బావగారి కాగితం సంగతి. పెద్దమనుషులు రాజీ కుదర్చవచ్చు గానీ, కోర్టులో నిరూపించగల కులాచారం ఉంటే తప్ప స్టాంపు పేపరు విడాకులు చెల్లవు. అది నమ్మి మరో పెళ్లి చేస్తే కేసులపాలవుతారు. ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ఉంది. ఏడాది విడిగా ఉన్నాకే పిటిషన్ వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. కలిసే ఆశ లేదని తేలితే ఆ గడువు కోర్టు ఎత్తేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అమ్మాయి వచ్చింది మొన్న దసరాకేగా, ఇప్పటికిప్పుడు తేల్చాల్సిన తొందరేం లేదు.

ఈలోగా ఈఎంఐలు పోయిన ఖాతా స్టేట్‌మెంట్లు మొదటి నెల నుంచీ తీయించండి. నగల బిల్లులు, పెళ్లి ఫొటోలు జాగ్రత్త చేయండి. స్త్రీధనం ఆమెదే. ముఖ్యంగా, ఇంటి అప్పు కాగితాల్లో ఆమె సంతకం ఉందేమో చూడండి. ఉంటే విడిపోయినా బ్యాంకు ఆమెనీ అడుగుతుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. మీ ఊరి కోర్టులోనే మండల న్యాయ సేవా కమిటీని అడగండి.

ఇక ఇంట్లో టెన్షన్. పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ ‘ఏం ఆలోచించావే?’ అంటున్నారు కదూ? మానేయండి. వారంలో ఒక పూట, ఆదివారం అనుకోండి, దాని గురించి మాట్లాడండి, మిగతా రోజులు ఆ ఊసెత్తొద్దు. చుట్టాలకి అందరూ ఒకే మాట చెప్పండి: ‘కొన్నాళ్లు మా దగ్గరే ఉంటుంది.’ ఎందుకని అడిగితే మళ్లీ అదే మాట. ఫోన్లు మీరే ఎత్తండి, మీవారి చేతికివ్వకండి. ఆయన డాక్టరుకి నిద్ర పట్టని సంగతి చెప్పారో లేదో కనుక్కోండి, మగవాళ్లు బీపీ రీడింగ్ చెప్పి ఊరుకుంటారు. మనసు బాగోనప్పుడు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయనంతట ఆయన చేయరు, మీరు నంబరు కలిపి ఇవ్వండి.

అబ్బాయి సంబంధానికి, పెళ్లిచూపులకి ముందే మధ్యవర్తి ద్వారా ఉన్నదున్నట్టు చెప్పించండి. తర్వాత తెలిస్తే దాచారంటారు. అబ్బాయినీ కూర్చోబెట్టి, రాబోయే కోడలి జీతం ఎవరి ఖాతాలో ఉంటుందో ఇప్పుడే అడగండి.