ముందు బావి చూడు

చి. చిన్నికి మావయ్య దీవెనలు.

నారాయణఖేడ్ వైపు వాగు మీద కట్టబోయే వంతెనకి సీస్మిక్ సర్వే (నేలను సమ్మెటతో కొట్టి, ఆ అదురు అల వేగాన్ని బట్టి లోపలి పొరలు తెలుసుకునే పని) నీ చేతికే అప్పగించారని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఆ కబురు వీధిలో నలుగురికీ చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తాను, విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. నేల అదురు పట్టే జియోఫోన్ మేకు నిటారుగా, బిగువుగా దిగాలి. జియోఫోన్లు పరిచిన లైనుకి రెండు చివర్ల నుంచీ సమ్మెటతో కొట్టించు, లేకపోతే వాలుగా ఉన్న బండ మోసం చేస్తుంది. గాలి లేవకముందే పని మొదలుపెట్టు. అలకి సెకనుకు 1,500 మీటర్ల వేగం కనబడగానే మెత్తరాయి అనుకోకు, నీళ్లు నిండిన ఇసుక కూడా అంతే చూపిస్తుంది.

ఇక నా గొడవ. 1986 ఎండాకాలం, అటువైపే ఒక చిన్న వంతెన పని. నల్లరేగడి నేల, 12 జియోఫోన్లు, ఇనప ప్లేటు, సమ్మెట. పైమట్టిలో 400 మీటర్ల వేగం, నాలుగు మీటర్ల కింద ఏకంగా 3,500. అంత చక్కటి గ్రాఫు నేనెప్పుడూ గీయలేదు, రెండు గీతలూ స్కేలు పెట్టినట్టు వచ్చాయి. ‘నాలుగు మీటర్లకు గట్టి బండ’ అని రాసి పారేశాను.

చివరి నాలుగు జియోఫోన్లలో మాత్రం అల ఉందా లేదా అన్నట్టు వచ్చింది. దళసరి బండలో పోయే అల అంత తొందరగా నీరసపడదు. తప్పు సమ్మెట కొట్టేవాడి మీదకి తోసి, చెయ్యి తేలిపోతోందని కేకలేశాను. అతను మాట్లాడలేదు. నీళ్లు తాగి మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

పక్క చేను రైతు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. “బండ కింద ఎర్రమట్టి ఉంటది సార్, మా బాయిల సూడుండ్రి” అన్నాడు. ఆ బావి నూరడుగుల దూరం. నేను వెళ్లలేదు. చేతిలో గ్రాఫు ఉంది కదా మరి!

పునాదికి బండ కొడుతుంటే, బండలోకి మూడు మీటర్లు దిగేసరికే డ్రిల్లు రాడ్డు జారిపోయింది. కింద తడి ఎర్రమట్టి. ఒక లావా పొర మీద ఇంకోటి పారేలోపు కింది దాని పైభాగం శిథిలమై మట్టయిపోతుంది, దక్కను బసాల్టులో ఇది మామూలే. గట్టి పొర కింద మెత్తది దాక్కుంటే రిఫ్రాక్షన్‌కి, అంటే పొరల హద్దులో వంగి తిరిగొచ్చే అలని పట్టే మా పద్ధతికి, దొరకదు. వేగం పెరిగే పొర తగిలితేనే అల హద్దు వెంట పరుగెత్తి పైకి కబురు పంపుతుంది. వేగం తగ్గే పొరలోకి వెళ్తే కిందికే వంగిపోతుంది. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

పని ఆరు నెలలు ఆగింది. రిపోర్టు మీద సంతకం మా పెద్దసారుది, మాటలన్నీ ఆయన పడ్డాడు. నన్ను మాత్రం జీపెక్కించి ఆ బావి దగ్గరికి తీసుకెళ్లి మెట్లు దింపాడు. నల్లబండ అంచు కింద గోడ చుట్టూ ఎర్రటి చార. వేలు పెడితే గోరు దిగింది. “కావలి నుంచి ఉడిపి దాకా ఆరొందల కిలోమీటర్ల లైను వేసి, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు ముప్పై నలభై కిలోమీటర్ల లోతు చూశారయ్యా. నువ్వు బావిలోకి తొంగి చూడలేకపోయావు” అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

నీకిప్పుడు ల్యాప్‌టాప్‌లో రంగుల బొమ్మ వస్తుంది. అది మా గీతల కంటే ఎక్కువ నమ్మిస్తుంది, జాగ్రత్త. నేల పైభాగం వెంట పాకే ఉపరితల అలలతో ఇంకో లైను తీయి. లైను మధ్యలో ఒక్క బోరైనా వేయించమని అడుగు. బడ్జెట్ లేదంటారు. అయినా అడుగు.

ఇంకొకటి, ఇది నా భయం. వెళ్లేది జూన్‌లో. తడి చేలో నూరు మీటర్ల రాగి తీగ పరిచి, దాని కొసన నువ్వు కూర్చుంటావు. ఉరుము వినబడితే కేబుల్ చుట్టడానికి కూడా ఆగకు, అందరినీ తీసుకుని జీపెక్కు. సామాను పోతే ఆఫీసు కొంటుంది. మీ అమ్మకి నేనేం చెప్పుకోను?

సమ్మెట కొట్టే మనిషికి మధ్యాహ్నం మజ్జిగ ఇప్పించు. ఆ రోజు నేను కేకలేసినతని ఊరేదో కూడా ఇప్పుడు గుర్తులేదు.

దిగిన రోజే దగ్గర్లో బావి ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపు. గ్రాఫు తర్వాత చూస్తాను.

మావయ్య