పెన్సిల్ జారిపోతోందా? ముందు కాళ్లు చూడండి

ప్రశ్న: మాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మూడో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద పట్టు తగ్గే సమస్య) ఉన్న బాబు ఉన్నాడు. నోటితో లెక్కలు టకటకా చెప్పేస్తాడు, రాయమంటే మాత్రం పెన్సిల్ జారిపోతుంది, నోటుబుక్కు పక్కకి పోతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం దూరం. తక్కువ ఖర్చులో మేమే ఏమైనా చేయగలమా?
– ఒక టీచర్, మార్కాపురం

జవాబు: చేయొచ్చు టీచర్ గారూ, కాకపోతే పెన్సిల్‌తో మొదలుపెట్టకండి. బాబు రాసేటప్పుడు ముందు వాడి కాళ్లు చూడండి. అవి గాల్లో వేలాడుతుంటే ఒళ్లు తూలిపోకుండా ఆపుకోవడానికే ఉన్న బలమంతా అయిపోతుంది, ఇక వేళ్లకి ఏం మిగులుతుంది? పాత పేపర్లు కట్టగా పేర్చి గట్టిగా టేపు చుట్టి, పాదాలు పూర్తిగా ఆనేలా కింద పెట్టండి.

తర్వాత నోటుబుక్కు. పరీక్ష అట్టకి క్లిప్పు ఎలాగూ ఉంటుంది, అట్ట జారకుండా అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అంటించండి. దాని కింద ఒక బాక్స్ ఫైలు ఏటవాలుగా పెడితే (ఎత్తు వైపు బాబుకి దూరంగా ఉండాలి) మెడ అంతగా వంచక్కర్లేదు.

ఇప్పుడు పెన్సిల్. అరిగిపోయిన హవాయి చెప్పు అడుగు నుంచి చిన్న ముక్క కోసి, శుభ్రంగా కడిగి, మధ్యలో పెన్సిల్ బిగుతుగా దూరేంత రంధ్రం పెడితే చాలు. పంక్చర్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబు ముక్కని రిబ్బన్‌లా కోసి చుట్టినా పనవుతుంది. లావుగా ఉంటే మంచిదే కదా అని మరీ లావు చేస్తే చిన్న చేతికి అందదు. చెయ్యి వణికే పిల్లల్లో కొందరికి పెన్సిల్‌కి ఒకటి రెండు ఇనప నట్లు తొడిగితే గీత నిలకడగా వస్తుంది, పట్టులో బలం లేని పిల్లలకి అదే బరువు శిక్ష. అందుకే రెండు మూడు రకాలు చేసి బాబునే ఎంచుకోనివ్వండి. వాడు పక్కన పడేసినదాన్ని ‘ఇంత కష్టపడి చేశాం’ అంటూ మళ్లీ చేతిలో పెట్టకండి.

ఇంకోమాట, టీఎల్ఎం (బోధనా సామగ్రి) మేళాలో బల్ల మీద ముచ్చటగా కనబడేలా చేయాలన్న టెన్షన్ అసలొద్దు. ఇది మాసిపోయే, అరిగిపోయే వస్తువు, పాడైతే ఇంకోటి చేసుకోవడమే. చేతికీ కాలికీ కట్టే స్ప్లింట్లు మాత్రం సొంతంగా చేయకండి, ఒరుసుకుని పుండ్లు పడతాయి. అది ఫిజియోథెరపిస్టు పని.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. కళ్లజోడు పెట్టుకున్నా చూపు తక్కువే. చదువుతుంటే లైను తప్పిపోతోంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నల్ల చార్టు ముక్కలో ఒక్క లైను మాత్రమే కనబడేలా సన్నని కిటికీ కోయండి. దాన్ని పేజీ మీద జరుపుకుంటూ చదివితే పై లైనూ కింది లైనూ అడ్డురావు. మెరిసే చార్టు వద్దు, కళ్లలో కొడుతుంది. కొలత ఇంగ్లీషు పుస్తకం మీద తీసుకోకండి, మన వత్తులు లైను కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, కిటికీ ఇరుకైతే ‘అక్క’ కాస్తా ‘అక’ అవుతుంది! గీతల్లేని తెల్ల నోటుబుక్కులో నల్ల స్కెచ్ పెన్నుతో మీరే దూరం దూరంగా లావు గీతలు కొట్టివ్వండి, రాయడానికి పెన్సిల్ బదులు నల్ల జెల్ పెన్ను. క్లాసులో కిటికీ వెలుతురు ముఖం మీద కాకుండా వెనక నుంచో పక్క నుంచో పడేచోట కూర్చోబెట్టమని టీచర్ని అడగండి.

ప్రశ్న: మా మనవడికి చూపు లేదు. బ్రెయిలీ నేర్పేవాళ్లు దొరికేలోపు ఇంట్లో ఏమైనా మొదలుపెట్టొచ్చా?
– ఒక తాతగారు, రాజాం

జవాబు: కోడిగుడ్ల అట్ట ట్రే లోంచి నిలువుగా మూడేసి గుంటలు, రెండు వరసలు కోయండి. బ్రెయిలీ గడి అచ్చం అదే. ఎడమ వరసలో పైనుంచి 1, 2, 3, కుడి వరసలో 4, 5, 6. చింతపిక్కలు వేసి వేళ్లతో తడిమించండి: ఒకటో గుంటలో పిక్క ఉంటే ‘అ’, ఒకటీ మూడూ అయితే ‘క’, ఒకటి రెండు మూడు అయితే ‘ల’. అసలు బ్రెయిలీ చుక్కలు వేలికొనంత చోటులో ఇమిడిపోతాయి కాబట్టి ఇది ముందస్తు ఆట మాత్రమే.

బడి సంగతి కూడా వదలకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. సర్టిఫికెట్ చేయించి, స్కూల్లో రాతపూర్వకంగా అడిగి, అర్జీ కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.